చెంప మీది వెలుగు

పత్తర్‌గట్టిలో దస్తగీర్ ఫోటో స్టూడియో తెరిచి పది నిమిషాలు కూడా కాలేదు. కూతురు షిఫా చాయ్ తాగుతూ ఒక పెళ్లి ఆల్బమ్ సర్దుతోంది. అంతలో అజీజున్నీసా వచ్చింది. ఆ ఆల్బమ్ ఆమె కూతురిదే. కూర్చోమన్నా కూర్చోకుండా ఫోన్ తీసి షిఫా చేతిలో పెట్టింది.

స్టూడియో పేజీలో పెళ్లికూతురు నవ్వుతోంది, పర్దా లేని ముఖంతో. కింద ‘ఫోటో: దస్తగీర్’ అని పేరు. ఆ ఫోటో తీసింది మాత్రం షిఫా.

ఆడవాళ్ల హాల్లోకి ఒక్క మగమనిషీ రాడని, ఫోటోలు బయటివాళ్ల కంట పడవని షిఫా మాట ఇచ్చాకే ఆమెను ఆ పెళ్లికి ఫోటోలు తీయడానికి పిలిచారు. ఇప్పుడు పిల్ల అత్తవారింట్లో ఒకటే లొల్లి అట. మగవాడు లోపలికెలా వచ్చాడని మామగారు నిలదీస్తున్నారట, పిల్ల రెండు రోజులుగా అన్నం ముట్టలేదట. అజీజున్నీసా అరవలేదు. అరిచినా బాగుండేది.

“నిన్ను నమ్మి పిలిచిన బేటీ,” అంది, అంతే.

షిఫా తండ్రి వైపు తిరిగింది. పెళ్లి అయ్యాక కెమెరా కార్డును తానే సొరుగులో పెట్టి తాళం వేసింది. రెండో తాళంచెవి ఆయన దగ్గరుందన్న ఆలోచనే రాలేదు. కన్నతండ్రి దగ్గర కూడా దాచుకోవాలని ఏ కూతురికి తోస్తుంది చెప్పండి? దస్తగీరేమో తుడిచిన లెన్సునే తుడుస్తూ, స్టూడియో తనది గనక పేరు తనదే పెట్టానని, అందరూ చేసేదేనని గొణిగాడు.

“గట్లయితే చెప్పు అబ్బా. కిటికీ ముంగట కూసున్న పిల్ల ముఖం గంత సాఫ్‌గ ఎట్లొచ్చింది? వెలుగు ఏడ కొలిచినవ్?”

 ఆయనకెలా తెలుస్తుంది? ఆ మధ్యాహ్నం పెళ్లికూతురి వెనక కిటికీ భగ్గుమంటుంటే మొదటి ఫోటోలో ముఖం బొగ్గులా వచ్చింది. కెమెరా మొత్తం దృశ్యాన్ని కలిపి కొలిచి, ఎండ ఎక్కువైందని అంతా చీకటి చేసేస్తుంది మరి. అప్పుడు షిఫా స్పాట్ మీటరింగ్ పెట్టింది. అంటే ఫ్రేమంతా వదిలేసి, చిన్న చుక్కంత చోట మాత్రమే వెలుగు కొలిచే పద్ధతి. ఆ చుక్కను పిల్ల చెంప మీద నిలిపి, కొలతను లాక్ చేసి, కిటికీ తెల్లగా పోతే పోనీ అనుకుని నొక్కింది. ఇదంతా తర్వాత ఇంటికొచ్చి తండ్రికి చెప్పబోతే, ముప్పై ఏళ్లుగా ఫ్లాష్‌తో బతుకుతున్నవాడికి నువ్వు నేర్పుతావా అని కసిరాడు.

“గా ఫోటో చూసినకాంచి నాకు నిద్ర లేదు షిఫా,” అన్నాడు చివరికి, తల వంచుకుని. “గసొంటి ముఖం నేను ఒక్కటి తియ్యలే. ఒక్కదాని కిందనన్న నా పేరుండాలనిపించింది.”

ఆ ఇద్దరి ఎదుటే పేజీ నుంచి ఆ ఫోటో తీసేశాడు.

“ఫోన్‌లకెల్లి తీసినవ్ భాయ్,” అంది అజీజున్నీసా. “చూసినోళ్ల కండ్లల్లకెల్లి ఎట్ల తీస్తవ్?”

దస్తగీర్ ఆమెను నంబరు అడిగి తీసుకున్నాడు. పిల్ల మామగారికి ఫోన్ చేశాడు. ఆ హాల్లో మగాడెవడూ అడుగు పెట్టలేదని, తీసింది తన కూతురని, అబద్ధపు పేరు తానే రాసుకున్నానని, తనకు అట్లా తీయడం రాదని చెప్పాడు. బజారంతా ఉస్తాద్ అని పిలిచే మనిషి. ‘రాదు’ అన్న దగ్గర అవతలికి వినపడక, ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అజీజున్నీసా షిఫా భుజం తట్టి వెళ్లిపోయింది. దస్తగీర్ కూతురి చేయి పట్టుకున్నాడు.

“మాఫ్ చెయ్యి బేటా. నీ పేరు కొట్టేసిన.”

షిఫా చేయి వెనక్కి తీసుకోలేదు. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

“పేరుదేముంది అబ్బా, అడిగితే ఇచ్చేదాన్ని. గా పిల్ల నన్ను నమ్మి చూపించిన ముఖం, ఇయ్యనీకి నాది కాదు గదా.”

తాను ఎవరి సొమ్ము దొంగిలించాడో దస్తగీర్‌కు అప్పుడు తెలిసింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.