టీకాల ఫ్రిజ్ వెనక పెట్టె

"ఆ ఫ్రిజ్ స్విచ్ నేను ముట్టుకోలేదండి. మా అమ్మ మీద ఒట్టు."

రాజమండ్రి దానవాయిపేటలోని ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని లావణ్య ఆ మాట అనడం అది మూడోసారి. ఆమె పిఠాపురంలో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సు. సోమవారం పొద్దున్న టీకాల ఫ్రిజ్ వెనకున్న పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉండటం డాక్టరు శివరామకృష్ణ చూశారు. ఫ్రిజ్‌లో చల్లదనం తప్పితే వెలిగే లైటు అది; ఒకసారి వెలిగితే ఎవరైనా నొక్కి ఆపేదాకా ఆరదు. ఎప్పుడు ఎంత వేడి ఉందో కూడా ఆ పెట్టె తనలో దాచుకుంటుంది. మేనేజరు మహేంద్ర ఆ వివరాలు లాప్‌టాప్‌లోకి తీసి ప్రింటు ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఫ్రిజ్ ఆగిపోయిందని అందులో ఉంది. ఆ వేళ డ్యూటీలో ఉన్నది లావణ్య ఒక్కతే.

"ఆదివారం టీకాలు వెయ్యం కాబట్టి పిల్లలెవరికీ ఏం కాలేదు. మందులన్నీ పారబోశారు. సాయంత్రంలోగా తప్పు ఒప్పుకుని రాసివ్వకపోతే పోలీసు కంప్లైంటు ఇస్తామంటున్నారండి."

డిటెక్టివ్ శ్యామలాంబ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇంజనీరుగా రిటైరయ్యాక ఆవిడ ఈ ఆఫీసు తెరిచారు. అసిస్టెంటు ప్రసన్నకుమార్‌కి ఏమీ పాలుపోలేదు. యంత్రం అబద్ధం చెప్పదు. ఈ అమ్మాయిని చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. మరి ఎవరిని నమ్మాలి?

మధ్యాహ్నానికి ముగ్గురూ పిఠాపురం చేరారు. ఫ్రిజ్ వెనక గోడకి ఆ పాత పెట్టె బిగించి ఉంది. దాని అడుగున లాప్‌టాప్‌లలో ఇప్పుడు కనిపించని వెడల్పాటి పోర్టు, అందులో రెండు వరసల్లో తొమ్మిది సన్నని పిన్నులు.

"దీన్ని పాత కంప్యూటరుకి తగిలించే వైరేదీ?" అని అడిగారు శ్యామలాంబ గారు.

"కంప్యూటరుతో పాటే పాత సామాన్లవాడు పట్టుకుపోయాడండి," అంది ఆయా రామలక్ష్మి.

"శనివారం ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారమ్మా?"

"ఆ రోజు ఆసుపత్రి వార్షికోత్సవమండి. అందరం హాల్లోనే ఉన్నాం. స్పీకర్ల వైరు మాత్రం మేనేజరు గారు ఈ గదిలోంచే లాగారు."

మహేంద్ర నవ్వుతూ వచ్చి తను వాడిన అడాప్టరు చూపించాడు. ఒక చివర యూఎస్‌బీ, రెండో చివర తొమ్మిది పిన్నులు.

"ఇటు లాప్‌టాప్‌కి, అటు నేరుగా పెట్టెకి గుచ్చేశానండి. రెండు నిమిషాల పని."

"మధ్యలో ఇంకో వైరేమైనా పెట్టారా?"

"అబ్బే, ఏమీ లేదండి."

శ్యామలాంబ గారు ఒక కాగితం మీద ఏదో రాసి, ప్రసన్నకుమార్‌ని కాకినాడ పంపారు. గంటన్నర తిరిగాక ఒక పాత కొట్టులో ఆవిడ రాసిచ్చిన వైరు దొరికింది. అది ఎందుకో మాత్రం అతనికి అర్థం కాలేదు. అడాప్టరు ఉండగా మళ్ళీ వైరెందుకు?

తిరిగొచ్చేసరికి అందరూ ఫ్రిజ్ గదిలో ఉన్నారు.

"మహేంద్ర గారూ, నిన్న గుచ్చినట్టే ఇంకోసారి గుచ్చండి," అన్నారు శ్యామలాంబ గారు.

మహేంద్ర వంగి అడాప్టరు పెట్టెకి ఆనించాడు. తిప్పి చూశాడు. నొక్కాడు. పిన్నుల మీద పిన్నులు టకటకమన్నాయి తప్ప ఒకదాంట్లో ఒకటి దిగలేదు. పొద్దున్నించీ బుర్రలో పడ్డ ముడి ప్రసన్నకుమార్‌కి అప్పుడు విడింది.

"రెండు చివరలా పిన్నులే. రంధ్రం లేనిదే పిన్ను ఎందులో దూరుతుంది?" అన్నారావిడ. "డాక్టరు గారూ, ఈ పెట్టెలోంచి నిన్న ఎవరూ ఏమీ తియ్యలేదు. మీ చేతిలో ఉన్న ప్రింటులోవి కూర్చుని టైపు చేసిన అంకెలు."

కాకినాడ వైరుకి రెండు చివరలా రంధ్రాలే. అడాప్టరుకీ పెట్టెకీ మధ్య దాన్ని బిగించారు. తెర నిండా అర్థంలేని గుర్తులు వచ్చాయి. ప్రసన్నకుమార్ వైరు పీకబోయాడు.

"కంగారుపడకు. ఈ పెట్టె పంపే వేగం ఒకటి, మన లాప్‌టాప్ వినే వేగం ఇంకొకటి," అంటూ ఆవిడ వేగం మార్చారు. తెర మీద తేదీలు, అంకెలు వరసగా దిగాయి.

ఆదివారమంతా ఉండాల్సినట్టే అయిదు డిగ్రీలు. శనివారం పదకొండింటి నుంచి వేడి ఎక్కుతూ పోయింది. నాలుగింటికి ఇరవై నాలుగు.

"స్పీకర్ల కోసం ఫ్రిజ్ ప్లగ్గు తీశారు. అవునా?"

మహేంద్ర తల దించుకున్నాడు. "ఫంక్షన్ అయ్యాక చూసుకుని పెట్టేశానండి. ఎవరికీ తెలీదులే అనుకున్నా. నిన్న డాక్టరు గారు ఎర్ర లైటు చూసేసరికి..."

"ఆదివారం అని రాస్తే పోయేది ఒక్క నర్సు ఉద్యోగం. శనివారం అని రాస్తే?"

డాక్టరు మొహం పాలిపోయింది. "శనివారం సాయంత్రం పద్నాలుగు మంది పిల్లలకి వేశాం. ఆ టీకాలు పనిచేస్తాయని నమ్మకం లేదు." ఆయన లావణ్య వైపు తిరిగారు. "అమ్మా, నన్ను..."

లావణ్య వినడం లేదు. అప్పటికే శనివారం రిజిస్టరు తెరిచి, మొదటి పేరు మీద వేలు పెట్టి ఫోను కలిపింది.

"నమస్తే అండి, పిల్లల ఆసుపత్రి నుంచి. కంగారుపడకండి. పాపని రేపు పొద్దున్నే ఒకసారి తీసుకురాగలరా?"