మనీషాకి ఐరన్ ఎక్కించిన రోజు

“ఏమండీ, ఆ మంచం మీంచి లేస్తారా? అది పేషెంట్లకి!”

తెనాలి ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో తండ్రి ప్రకాశాన్ని పడుకోబెడుతూ, పక్క మంచం మీద కాళ్లూపుతూ కూర్చున్న అమ్మాయితో అన్నాడు కిషోర్.

“నేనే పేషెంట్‌నండి. మీరు మీ బ్యాగు నా దుప్పటి మీంచి తీస్తారా?” అందామె.

కిషోర్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆమె పేరు మనీషా. బాపట్లలో స్కూలు టీచరు. కిషోర్‌ది రేపల్లె. వారానికి మూడుసార్లు అక్కడే కలిసేవారు. ‘సారీ అండి’తో మొదలైన మాటలు వేళాకోళంలోకి, ఆపైన ఫోన్లలోకి పాకాయి. ఒకరోజు వార్డు బయట, వాన చూస్తూ, కిషోర్ అడిగేశాడు.

“నన్ను పెళ్లి చేసుకుంటారా?”

మనీషా నవ్వలేదు.

“హిమోగ్లోబిన్ ఏడే ఉందండి. రక్తం పెరగడానికి చేసే ఇంజెక్షన్ పని చేయట్లేదు. ఐరన్ బాగా తక్కువ, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోనేమో బాగా ఎక్కువంట, అందుకేనంట. నెలసరీ సరిగా రావట్లేదు. పిల్లల సంగతి డాక్టరుగారే చెప్పలేకపోతున్నారు.”

“నన్ను భయపెడుతున్నారా?”

“తర్వాత భయపడతారేమోనని ముందే చెప్తున్నా.”

“ఇప్పుడే భయంగా ఉంది. అయినా అడుగుతున్నా.”

“డయాలిసిస్‌కి టైమైంది,” అంటూ ఆమె వార్డులోకి వెళ్లిపోయింది.

డాక్టరు హార్మోన్‌కి మాత్రలు రాసి, ఐరన్ ఎక్కించాలన్నారు. మనీషా అసలు భయం అదే. ఏడాది కిందట మరోచోట ఐరన్ ఎక్కిస్తుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక చావు దాకా వెళ్లొచ్చింది. ఇది వేరే రకం మందు, నెమ్మదిగా ఎక్కిస్తామని చెప్పినా ధైర్యం రాలేదు.

ఐరన్ ఎక్కించే రోజున ప్రకాశానికి డయాలిసిస్ లేదు. అయినా కిషోర్ పొద్దున్నే రైలెక్కి వచ్చాడు.

“ఎందుకొచ్చారు?”

“తెనాలిలో పనుండి.”

“ఏంటి ఆ పని?”

“ఇదే.”

ముదురు గోధుమరంగు మందు ట్యూబులోకి దిగింది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

“దురదగా ఉంది,” అంది మనీషా ఉన్నట్టుండి.

“సిస్టర్!” కిషోర్ అరుపుకి వార్డంతా లేచి చూసింది.

నర్సు పరుగున వచ్చి మందు ఆపింది. డాక్టరూ వచ్చారు. బీపీ చూసి, చేతులు, మెడ పరీక్షించి, “ప్లాస్టర్ అంటించినచోటే ఎర్రబడిందమ్మా. దద్దుర్లు లేవు,” అని కాసేపాగి మళ్లీ మొదలుపెట్టించారు.

కిషోర్ ముఖం పాలిపోయి ఉంది.

“మీక్కూడా బీపీ చూడమననా?” అంది మనీషా.

మందు అయిపోయింది. ఊపిరి హాయిగా ఆడుతోంది.

“రక్తం పెరుగుతుందో లేదో తెలియడానికి ఇంకా టైం పడుతుందంట,” అందామె.

“అప్పుడు మళ్లీ అడుగుతాలెండి.”

“అక్కర్లేదు.”

కిషోర్ ప్రాణం ఉసూరుమంది. మనీషా మాత్రం తల్లి కాంతమ్మకి ఫోన్ కలిపింది.

“అమ్మా, ఏం కాలేదు, బాగానే ఉన్నా. కిషోర్ గారని చెప్పానే... మనింటికి రమ్మననా?”

కాంతమ్మ గొంతు తగ్గించి అడిగింది.

“నీ ఒంటి సంగతి అంతా చెప్పావా?”

“అంతా చెప్పానమ్మా. అయినా వస్తారంట.”

కాంతమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు కిషోర్‌కీ వినిపించింది.

“అబ్బాయొక్కడే వస్తే ఎట్టా? వాళ్లమ్మని కూడా తీసుకురమ్మను.”