కమరున్నీసా ఎడమ కన్ను

డిటెక్టివ్ ఈశ్వరమ్మ బల్ల మీద ఇరమ్ రెండు తెల్లటి క్రీము డబ్బాలు పెట్టింది. ఒకదాని మీద ‘ఎడమ’, ఇంకోదాని మీద ‘కుడి’ అని చీటీలు అంటించి ఉన్నాయి.

“మా అమ్మీకి ఎడమ కన్ను ఇంక రాదంటాండారు. ఎవరి వల్ల పోయిందో తెలియాల. అంతే,” అంది. ఆ గొంతులో కోపం గానీ ఏడుపు గానీ లేవు.

ఈశ్వరమ్మ పోలీసు వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఉద్యోగం వదిలి మదనపల్లెలో ఈ ఆఫీసు పెట్టుకుంది. ఆమె సహాయకుడు అంజినప్ప రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఈ చుట్టుపక్కల ఆమెకున్న చూపు మరొకరికి లేదని ఆయన నమ్మకం. ఇరమ్ చెప్పినదంతా ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఇరమ్ తల్లి కమరున్నీసా జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. వయసు నలభై ఆరు. కళ్ళకింద నలుపు, కంటి కొసల్లో ముడతలు. పుంగనూరులో చర్మవైద్యురాలు భవ్య రెండు క్రీముల్లో ఏది పనిచేస్తుందో పన్నెండు మంది ఆడవాళ్ళ మీద పరీక్షిస్తోందని తెలిసి, కమరున్నీసా తమ్ముడు ఇమ్తియాజ్ ఆమెను అక్కడికి తీసుకుపోయాడు. ఒక క్రీము ఎడమ కంటి చుట్టూ, ఇంకొకటి కుడి కంటి చుట్టూ నాలుగు నెలలు రాయాలి. నెలనెలా ఫోటో తీస్తారు. నాలుగు నెలలూ అయ్యాక కూడా ఆమె రాయడం మానలేదు. ఆరో నెలలో ఎడమ కంటికి మసక కమ్మింది. కంట్లో ప్రెషర్ పెరిగిందనీ, స్టెరాయిడ్ ఏమైనా రాశారా అనీ కంటి ఆస్పత్రిలో అడిగారు. ఎడమ డబ్బాను ల్యాబుకు పంపితే అందులో స్టెరాయిడ్ లేదని వచ్చింది.

ఈశ్వరమ్మ రెండు డబ్బాలూ తెరిచి భూతద్దం కింద పెట్టింది. రెండింటిలోనూ వేలు పెట్టి తీసిన గుంటలున్నాయి. కుడి డబ్బాలో ఆ గుంటల అంచున సన్నటి జరీ నూగు మెరిసింది. ఎడమ డబ్బాలో క్రీము మాత్రం మచ్చలేని తెలుపు. ఆమె అంజినప్పకు చూపించి, డబ్బా అడుగున అచ్చేసిన బ్యాచ్ నంబరు రాసుకోమంది.

సాయంత్రం ఇద్దరూ కమరున్నీసా ఇంటికి వెళ్ళారు. ఆమె మగ్గం ముందు కూర్చుని ఉంది గానీ సూది పట్టుకోలేదు. క్రీము ఎప్పుడు, ఎలా రాసేదానివని ఈశ్వరమ్మ అడిగింది.

“పని మధ్యలో ఈడనే రాసుకుంటాంటినమ్మా. చేతులు కడిగేదానికి యాడ తీరుతుంది?”

“రెండు కండ్లకీ అట్లనేనా?”

“రెండిటికీ అట్లనే.”

ఇమ్తియాజ్ అక్కడే ఉన్నాడు. పుంగనూరు ఫ్యాన్సీ షాపులకు సరుకు వేసే మనిషి. అందరికంటే ఎక్కువ మాట్లాడింది అతనే. డాక్టరమ్మ మీద, కుప్పంలో క్రీము చేసినవాళ్ళ మీద కేసు పెట్టాలని రెండుసార్లు అన్నాడు. కమరున్నీసా తలెత్తలేదు.

మరుసటి రోజు పుంగనూరులో భవ్య పన్నెండు మంది ఫోటోలూ బల్ల మీద పరిచింది. అన్నిటిలోనూ అదే గోడ, అదే వెలుతురు. పదకొండు మందికి రెండు కళ్ళకూ ఒకేలా, రవ్వంత నలుపు తగ్గింది. కమరున్నీసా ఎడమ కంటి కింద మాత్రం రెండో నెల నుంచే తుడిచేసినట్టు పోయింది. ఆ ఒక్క ఫలితాన్ని నమ్మలేక తాను పక్కన పెట్టాననీ, అయినా ఆ ఫోటోను ఎవరో కరపత్రం మీద అచ్చేసి షాపుల్లో పంచారనీ భవ్య చెప్పింది. ఎవరి ఫోటోలు వాళ్ళకే ఇచ్చిందట. డబ్బాలన్నీ ఫిబ్రవరిలోనే ఇచ్చేసింది, మళ్ళీ ఇవ్వలేదు.

అక్కడి నుంచి కుప్పం. ఎడమ కంటి క్రీము అక్కడ తన్వీర్ అనే అతను రెండు గదుల షెడ్డులో తయారుచేస్తాడు. అది గులాబీ నీళ్ళ వాసన వేస్తుంది. అంజినప్ప చదివిన నంబరును అతను రిజిస్టరులో వెతికాడు. అది జూలైలో చేసిన సరుకు. మొత్తం ఒకే మనిషికి పోయింది. ఆ పేరు విని అంజినప్ప కలం ఆగింది. రాసుకోమని ఈశ్వరమ్మ సైగ చేసింది.

ఆదివారం పొద్దున భవ్య, తన్వీర్, ఇమ్తియాజ్ ముగ్గురినీ ఆమె కమరున్నీసా ఇంటికి పిలిపించింది.

“తప్పు క్లినిక్‌లో జరిగింటే, కుప్పంలో జరిగింటే, పన్నెండు మందికీ తేడా తెలిసేది. ఒక్కరికే తెలిసిందంటే తప్పు ఈ ఇంట్లో జరిగింది,” అని మొదలుపెట్టింది ఈశ్వరమ్మ. “ఈ ఎడమ డబ్బాలో జరీ నూగు లేదు. ఇది కమరున్నీసమ్మ వాడిన డబ్బా కాదు. ఫిబ్రవరిలో ఇచ్చిన డబ్బా మీద జూలై సరుకు నంబరు ఉండదు కూడా. పాత చీటీ పీకి దీనికి అంటించినారు. ఆ జూలై సరుకు తీసుకున్నది ఎవరో తన్వీర్ చెప్తాడు.”

తన్వీర్ ఇమ్తియాజ్ వైపు చూశాడు. తన క్రీమును పుంగనూరులో అమ్మేది అతనొక్కడేనన్నాడు.

“ఏ డబ్బాలో ఏ క్రీముందో డాక్టరమ్మకే తెలుసు. కానీ రోజూ ఆ సరుకు మోసేవాడికి వాసన చాలు. మెడికల్ షాపులో స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొని అందులో కలిపినావు. నలుపు పోయింది. ఆ ఫోటో అచ్చేసి షాపుల్లో పంచినావు. ఆస్పత్రిలో స్టెరాయిడ్ మాట వచ్చినాక డబ్బా మార్చినావు.”

ఇమ్తియాజ్ అక్క వైపు తిరిగాడు.

“మందే కదా అనుకున్యా. నీ మొగం బాగైతే నీకూ మంచిదే కదా ఆపా,” అన్నాడు.

కమరున్నీసా అతని వైపు తిరగలేదు. “డబ్బా మార్చిన దినం నాకు కన్ను మసకైందని నీకు తెలుసునా?”

“తెలుసు.”

ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఏం జరిగేదని ఇరమ్ భవ్యను అడిగింది. డబ్బాలో ఏమీ లేదని రిపోర్టు వచ్చేసరికి వైద్యులు వేరే కారణాలు వెతుకుతూ మూడు వారాలు పోగొట్టారనీ, కారణం తెలిసి ఉంటే కొంత చూపైనా నిలిచేదేమోననీ భవ్య మెల్లగా చెప్పింది.

కమరున్నీసా మగ్గం మీది జాకెట్టు గుడ్డను చేత్తో సాపు చేసింది.

“నాలుగు నెలలు అద్దంలో సూసుకుని సంతోషపడినాను,” అంది. తర్వాత అంజినప్ప పుస్తకం వైపు చెయ్యి చూపించింది. “అంతా రాయప్పా. వాని పేరు కూడా రాయి. టేషన్‌లో ఇచ్చేసి వస్తాం.”

ఆమె లేచి బుర్ఖా తొడుక్కుంది. గడప దగ్గర ఎడమవైపు నిలబడి ఇమ్తియాజ్ చెయ్యి చాచాడు. ఆమెకు అది కనిపించలేదు. ఇరమ్ ముందుకొచ్చి, మామూ చేతిని పక్కకు తీసి, తల్లిని వీధిలోకి నడిపించింది.