పట్టికలో నాలుగో పేరు

మధ్యాహ్నం మూడు దాటితే అచ్చాఫీసు పైగదిలో పడమటి కిటికీ ఎండ నేరుగా బల్ల మీదికి వస్తుంది. ఆ వెలుగులోనే ఆమె ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. కింద యంత్రాల దగ్గర పనివాళ్లు ఆమెను పేర్లమ్మ అంటారు. వెనకాల అనుకునే మాటే గానీ ఆమె చెవిన పడకపోలేదు. బైబిలు వంశావళుల్లో ఒక్కసారి కనిపించి మాయమయ్యే హెబ్రీ పేర్లకు అర్థాలు వెతికి, ఏది రుజువైనదో ఏది ఊహో విడదీసి చెప్పే నిఘంటువు ఆమెది. ఆధారం చూపకపోతే సాక్షాత్తు దేవుడి మాటకైనా పక్కన ప్రశ్నార్థకం పెట్టే రకం.

ఆ రోజు పెద్దన్న మెట్లెక్కి వచ్చాడు. తండ్రి పోయాక ప్రెస్సు పెత్తనం అతనిదే.

"ముఖపత్రం ఖాయం చేశాను, చూడు."

నిఘంటువు కూర్చినవారుగా అందులో ముగ్గురు అన్నదమ్ముల పేర్లున్నాయి. పెద్దన్న, చిన్నన్న, తమ్ముడు. ఆమె పేరు లేదు.

"నడుం పడిపోయేలా ఆరేళ్లు కూర్చున్నది నేను అన్నయ్యా."

"కాదన్నదెవరే? సంస్థ అన్నదమ్ములది, అందుకని. ఇంకో మాట. ఈ హజ్జెలెల్పోని ఎవరు? ఆవిడకు అరపేజీ ఎందుకు? తీసెయ్. ఆవిడ కోసం వెతికేదెవరు?"

పక్క కుర్చీలో తమ్ముడు ఫక్కున నవ్వాడు. మూలప్రతిని పైకి చదవడం అతని పని. అది వింటూ ఆమె ప్రూఫుతో సరిచూసుకుంటుంది.

"నా పేరు తీసేసి అక్కది వేసెయ్ అన్నయ్యా, గొడవ వదిలిపోతుంది. చదివానన్నమాటే గానీ ఒక్క ముక్క నా బుర్రకెక్కలేదు."

"నోర్మూసుకోరా," అంది ఆమె. "నాలుగు పేర్లూ ఉండాలి. ఆవిడ అరపేజీ కూడా ఉంటుంది. ఒక్కటి తగ్గినా ప్రూఫు మీద నా సంతకం ఉండదు."

"నీ మొండితనానికో దండం!" పెద్దన్న కాగితాలు బల్ల మీద పడేసి దిగిపోయాడు.

"చదువు," అంది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "దినవృత్తాంతముల మొదటి గ్రంథం, నాలుగో అధ్యాయం, మూడో వచనం. యెజ్రెయేలు: దేవుడు విత్తును. ఇష్మా: అర్థం అనిశ్చితం. ఇద్బాషు: తేనె అనే మాటకు సంబంధించినది కావచ్చు. వీరి సహోదరి పేరు హజ్జెలెల్పోని."

ఆ వచనంలో పాఠం ఎక్కడో చెదిరిందని పండితుల అనుమానం. ముగ్గురు అన్నదమ్ముల పక్కన ఆ ఆడపేరు ఎందుకు నిలిచిందో, ఆమె ఎవరిని కట్టుకుందో, ఎక్కడ బతికిందో ఒక్క అక్షరం లేదు. పేరుకు మాత్రం ఒక ఊహార్థం ఉంది.

"నా వైపు తిరిగిన నీడ," చదివాడు తమ్ముడు. "అబ్బ! ఆడపిల్లకు పెట్టే పేరేనా ఇది?"

"చివర ప్రశ్నార్థకం ఉంది. అదీ చదవాలి."

ప్రూఫు మీద నీడ పడింది. తల, రెండు భుజాలు.

"వెలుగుకు అడ్డం రాకురా."

"నేనెక్కడ అడ్డమొచ్చానక్కా? నీ పక్కనే ఉన్నాగా."

ఆమె తలెత్తింది. కిటికీలో ఇనుప చువ్వలు, వాటి వెనక ఆకాశం. నిలబడడానికి అటు చూరు కూడా లేదు. గదిలో ఎప్పుడూ ఉండే సిరా, కిరసనాయిలు వాసన తగ్గి, ఏళ్ల తరబడి మూసి ఉంచిన తోలుపెట్టె తెరిచినట్టు పొడి వాసన వచ్చింది. కింద యంత్రం తిరుగుతోంది, కానీ వీధి చివర ఎక్కడో తిరుగుతున్నట్టుంది.

కంటి భ్రమ కావచ్చు. పరీక్షించి చూడాలి. ఆమె లేచి కిటికీ తెర లాగింది. గది మసకబారింది.

నీడ మాత్రం... అలాగే ఉంది.

నీడకు ముఖం ఉండదు. ముందూ వెనకా ఉండవు. అయినా అది తన వైపు తిరిగిందని ఆమెకు తెలిసింది.

"అక్కా... ఇక ఆపేద్దాం."

"ఆపకు. ఇలాంటివాటికి లొంగితే రేపు కలం పట్టలేం. మళ్లీ మొదటి నుంచి."

"యెజ్రెయేలు... ఇష్మా... ఇద్..."

గొంతు ఆగింది.

నీడ ఒక వరుస మీదికి జరిగింది. మెల్లగా తప్పుకుంది. ఆ వరుస లేదు. ఇష్మా కింద నేరుగా హజ్జెలెల్పోని. నడుమ ఖాళీ అయినా లేదు.

పక్కకు చూసింది.

కుర్చీ లేదు. అక్కడ పాత కాగితాల కట్టలు, వాటి మీద అంగుళం మందాన దుమ్ము.

ఆమె కలం వదల్లేదు.

"తిరిగి ఇచ్చెయ్," అంది నీడతో, గుసగుసగా. "నీ కోసం పోట్లాడింది నేను. నీ చోటు నీకుంది. వాడి చోటు నీదీ కాదు, నాదీ కాదు."

అంచున ఇద్బాషు అని రాసింది. కాగితం సిరాను తాగేసింది, అక్షరం మిగల్లేదు. మళ్లీ రాసింది. మళ్లీ... కలం పాళీ దిగబడి కాగితం చిరిగేదాకా రాసింది. తలెత్తేసరికి నీడ లేదు.

పరుగున కిందికి దిగింది.

"అలక తీరిందా?" పెద్దన్న నవ్వుతూ ముఖపత్రం చూపించాడు. "ముగ్గురి పేర్లూ ఉన్నాయి, చూసుకో."

పెద్దన్న, చిన్నన్న. మూడోది ఆమె పేరు.

"తమ్ముడేడీ?"

"ఎవరి తమ్ముడు?"

"మన తమ్ముడు అన్నయ్యా!"

అతని నవ్వు ఆగిపోయింది. "ఇంట్లో అందరికన్నా చిన్నదానివి నువ్వే కదమ్మా. నీ తరవాత ఎవరున్నారు?"

ఆమె తమ్ముడి పేరు చెప్పింది. పెద్దన్న దాన్ని పలకబోయాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

ఆమె సంతకం లేకుండానే పుస్తకం అచ్చయింది. వెయ్యి ప్రతులు. ఇప్పుడు రోజూ పైగదిలో కూర్చుని, ఒక్కో ప్రతి తెరిచి, ముఖపత్రంలో మూడు పేర్ల కింద నాలుగోది, తమ్ముడిది, తన చేత్తో రాస్తుంది. తడి ఆరేలోపే సిరా ఇంకిపోయి పేరు మాయమవుతుంది. డాక్టరుకు చూపిద్దామంటాడు చిన్నన్న. ఆమె ఇంకో ప్రతి తీస్తుంది.

"నువ్వు చెరుపు, నేను రాస్తాను," అంటుంది ఖాళీ గదితో. "ఎవరికి ముందు విసుగొస్తుందో తేల్చుకుందాం."

నిన్న ఒక ప్రతిలో సిరా ఇంకలేదు.

ఆమె పుట దగ్గరికి వంగింది. ఆ పేరు కింద, బల్ల మీద తెరిచి ఉన్న పుట, అడుగు నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు కాస్త ఉబ్బింది. దాని పక్కనే ఇంకొకటి. ఇంకొకటి...

ఐదు వేళ్లు.

"తమ్ముడూ," అంది, చెయ్యి చాచి.

అప్పుడు అదే చేతికి ఆరోది లేచింది.