విజయేందర్ చొక్కాల బొంత

కత్తెర కాలరు మీద పడబోతుండగా శ్రీవిద్య గట్టిగా అరిచింది.

"ఆగుండ్రి! ఏం జేస్తున్రు మీరు?"

ఫణికుమార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "బొంత కుట్టమని తెచ్చింది మీరే కదండీ మేడమ్! కత్తిరించకుండా కుట్టే విద్య మా అమ్మ నాకింకా నేర్పలేదు."

"కత్తిరించాలని నాకు దెల్వదా? జర చెప్పి కత్తిరించొచ్చు గదా! గట్ల పటుక్కున పెడ్తరా?"

"సరే, చెబుతున్నాను. కాలరు కత్తిరించబోతున్నాను. కత్తిరించమంటారా?"

"వద్దు."

చొక్కా లాక్కుని, మడిచి, ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. బయట ఆబిడ్స్‌లో వాన అందుకుంది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకున్నవాళ్ళు హడావుడిగా ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుంటున్నారు.

ఫణికి నవ్వొచ్చింది. ఆ సందులో మేడ మీద వాళ్ళమ్మ నాగరత్నం నడిపిన జాకెట్ల కొట్టు అది. పాత చీరలతో పసిపిల్లలకు బొంతలు కుట్టించుకునేవాళ్ళు వస్తారు గానీ, ఇలా మగవాళ్ళ చొక్కా తెచ్చి కత్తెరతో తగువు పెట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

"ఎవరిదండీ?"

"మా ఆయనది."

"ఆయన్ని అడిగారా మరి? సాయంత్రం వచ్చి నా చొక్కా ఏదయ్యా అంటే నేనేం చెప్పాలి?"

శ్రీవిద్య తల వంచుకుంది. "ఆయన లేరు. మూడేండ్లాయె."

ఫణి నవ్వు ముఖమ్మీదే ఆగిపోయింది. కత్తెర తీసి సొరుగులో పెట్టి మూసేశాడు.

"తప్పయిందండీ. ఇవాళ దేన్నీ కత్తిరించను. ఆయన గురించి చెప్పండి, వింటాను. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో నాకు తెలియాలిగా!"

ఇలా అడిగినవాళ్ళు మూడేళ్ళలో ఎవరూ లేరు. చనిపోయిన మనిషి పేరెత్తితే ఎక్కడ ఏడుస్తుందోనని అందరూ మాట మార్చేవాళ్ళే. అందుకే కాబోలు, చాయ్ వచ్చేలోగా ఆమె చెప్పేసింది. విజయేందర్ ఆ ఆకుపచ్చ గళ్ళ చొక్కా నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్నాడు. గంటసేపు బేరమాడాడు. చివరికి దుకాణంవాడి అత్తగారి మోకాళ్ళ నొప్పుల కథ విని, మొదట చెప్పిన రేటే ఇచ్చి వచ్చాడు.

"మళ్ళ ఇంటికొచ్చి, మంచిగ బేరం జేసిన చూడు అని నాతోని..." అంటూ ఫక్కున నవ్వింది.

నవ్వి, తన నవ్వుకు తనే ఉలిక్కిపడింది. గబగబా లేచి, చొక్కాను బల్ల మీద పెట్టింది. "నేను పోయినంక కత్తిరించుండ్రి. నా ముంగట వద్దు."

తరవాతి ఆదివారం ఇంకో చొక్కా తెచ్చింది. ఆపై ఆదివారం మరొకటి.

"అన్నీ ఒకేసారి తేవచ్చు కదండీ?"

"బ్యాగు బరువైతది."

"చొక్కాల బరువా!"

"నా బ్యాగు, నా ఇష్టం. మీకేంది?"

"నాకేంది? ఏమీ లేదండి. నాకు హాయిగానే ఉంది," అని దారం ఎక్కించే నెపంతో తల దించుకున్నాడు ఫణి. సూదిలోకి దారం ఎక్కడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

ఒకసారి తెల్లచొక్కా ముందుభాగం మీద వేలు పెట్టి అడిగాడు. "ఈ మరక తియ్యనా, ఉంచనా?"

"అది నా ఆవకాయ మరక. పెండ్లికి తొడుక్కోవాల్సిన చొక్కా మీద ఒలకబోసుకున్నడు. గా రోజు ఎంత తిట్టిన్నో!"

"అయితే బొంతకి సరిగ్గా మధ్యలో పెడతాను."

"వద్దు వద్దు! చూసినోళ్ళు ఏమనుకుంటరు?"

"మంచి ఆవకాయ అనుకుంటారు. నాకు రుచి చూపిస్తే నేనూ అంటాను."

మరుసటి వారం చొక్కాతోపాటు చిన్న సీసా కూడా వచ్చింది. ఫణి వేలితో నాకి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, "కారం లేదండీ" అని బుకాయించాడు. ఆమె నవ్వి నవ్వి కుర్చీకి చేరగిలపడింది.

ఆ తరవాతి ఆదివారం కొట్టుకు వస్తూ, దారిలో కళ్ళజోళ్ళ షాపు అద్దం ముందు శ్రీవిద్య ఆగింది. చెదిరిన ముంగురులు సర్దుకుంది, బొట్టు సరిచేసుకుంది. అప్పుడు చేతిలో బ్యాగు గుర్తొచ్చింది. అందులో ఉన్నది విజయేందర్ నీలం చారల చొక్కా. ఎవరి చొక్కా పట్టుకుని ఎవరి కోసం సింగారించుకుంటున్నట్టు?

కొట్లో ఆ రోజు ఆమె స్టూలు మీద కూర్చోకుండా, చొక్కా బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఇదే ఆఖరుదా?" అడిగాడు ఫణి.

"ఔ."

"అల్మారా వెనకెక్కడైనా ఇంకొకటి ఉంటుందేమో చూడండి." సరదాగా మొదలుపెట్టినవాడు చేతిలో టేపు చుట్టి పక్కన పెట్టాడు. "చొక్కా లేకపోయినా రండి శ్రీవిద్యా."

మేడమ్ లేదు, గారూ లేదు. ఆమె బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తరవాత వెళ్ళలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక పాత మేడలో శ్రీవిద్య, ఆమె అత్తగారు విద్యావతి ఇద్దరే ఉంటారు. విజయేందర్ జ్వరంతో దవాఖానలో చేరి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఒకరి ముందు ఒకరు ఏడవకుండా ఉండటమే ఇద్దరికీ పని అయిపోయింది.

"ఈ ఆదివారం గూడ బోవా?" అడిగింది విద్యావతి.

"కాళ్ళు నొస్తున్నయి అత్తమ్మా."

"స్కూల్ల పిల్లలెంబడి దినమంత ఉరుకుతవు. గప్పుడు నొయ్యవా?"

శ్రీవిద్య వంటింట్లోకి తప్పుకుంది. ఆ పై వారం, వాన కురుస్తుండగా తలుపు చప్పుడైంది. తీస్తే, బిల్లు పుస్తకంలో రాయించిన అడ్రసు పట్టుకుని వచ్చిన ఫణికుమార్! తను తడిసి ముద్దయ్యాడు గానీ చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన మూట మీద చుక్క పడనివ్వలేదు.

"బొంత అయిందండీ. మీరు రాలేదు కదా..." మాట తడబడింది. "నేనేమైనా తప్పుగా మాట్లాడి ఉంటే, బొంత మీద కోపం చూపించకండి."

"లోపటికి రా బాబు," అని లోపలినుంచి విద్యావతి పిలిచింది.

మంచం మీద బొంత పరిచాడు. ఆకుపచ్చ గళ్ళు, నీలం చారలు, మధ్యలో తెలుపు మీద ఆవకాయ మరక. ఒక అంచున జేబును జేబుగానే ఉంచి కుట్టాడు. విద్యావతి ఒక్కో ముక్కా తడిమి చూసింది. జేబు దగ్గరకొచ్చి, బడినుంచి వచ్చిన పిల్లాడి జేబు వెతికినట్టు లోపల వేళ్ళు పెట్టి కదిపింది. ఆమె బొంతను మడిచి తన దిండు పక్కన పెట్టుకుంది.

"గిది నాది," అంది.

శ్రీవిద్య తెల్లబోయింది. "అత్తమ్మా... నా కోసం కుట్టిచ్చుకున్న గదా! నాకు మాత్రం ఏముంది?"

"గందుకే ఇయ్య. నేను ముసలిదాన్ని, కొడుకు బట్టలు కప్పుకుంటె నాకు మంచిగ నిద్ర వడ్తది. నువ్వు కప్పుకుంటె ఏడుస్తవు. జిందగీ మొత్తం దీని కిందనే పండుకుంటవు. నేనుండంగ గట్ల కానియ్య."

"నన్ను ఎల్లగొడ్తున్నవా?"

"పిచ్చిదానా! మూడేండ్ల సంది ఇంట్ల నవ్వు లేదు. ఆదివారాలు నవ్వుకుంట మెట్లెక్కొస్తుంటివి. నాకు కండ్లు లేవా, చెవులు లేవా? వాడుంటె వాడు గూడ గిదే అంటుండె." విద్యావతి దిండు పక్కనున్న బొంత మీద చెయ్యి వేసింది. "వాణ్ణి నేను జూసుకుంట బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు."

శ్రీవిద్య నేల మీద కూలబడి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. మూడేళ్ళుగా ఒకరి ముందు ఒకరు దాచుకున్న ఏడుపు ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది.

గుమ్మం దగ్గర ఫణి నిలబడాలో వెళ్ళాలో తెలియక, తడి చొక్కా కొస పిండుకుంటున్నాడు. విద్యావతి కళ్ళు తుడుచుకుని అటు తిరిగింది.

"నీకు పెండ్లైందా బాబు?"

"లేదండి."

"యాడుంటవ్?"

"హిమాయత్‌నగర్‌లో, మా అమ్మతో. నేను... బొంత ఇద్దామనే వచ్చానండి ఆంటీ."

"గంతేనా?"

ఫణి శ్రీవిద్య వైపు చూశాడు. ఆమె ఏడ్చిన కళ్ళతో తన వైపే చూస్తోంది. "గంతే... కాదండి," అన్నాడు, తన నోటికి ఆమె యాస ఎప్పుడు అంటుకుందో తెలియకుండానే.

శ్రీవిద్య ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది.

"మల్ల మీ అమ్మను తోలుకొనిరా," అంది విద్యావతి. "శ్రీవిద్యా, ఆటో దాక దిగబెట్టు. వానల మల్ల తడుస్తడు."

గొడుగు తీసుకుని ఇద్దరూ మెట్లు దిగారు. సందులో నీళ్ళు పారుతున్నాయి.

"నాకు జర టైం గావాలె," అంది శ్రీవిద్య. "ఆయనను నేను మర్చిపోను. గది జెప్పాలె మీకు."

"మర్చిపొమ్మని నేనెందుకంటాను? ఆయన చొక్కాలన్నీ చేత్తో కుట్టినవాణ్ణి. ఆయన సంగతులు మీ తరవాత నాకే ఎక్కువ తెలుసు."

ఆమె ఆగి, అతని ముఖంలోకి నేరుగా చూసింది. "మేడమ్, అండీ కాదు. నన్ను శ్రీవిద్యా అనే పిలువుండ్రి. గా రోజు పిలిచినట్టు."

తడిసిన జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఫణి తలూపాడు. పై అంతస్తు కిటికీలోంచి విద్యావతి కేక వేసింది.

"ఓ శ్రీవిద్యా! గొడుగు నీ నెత్తి మీదనే పట్టుకున్నవేందే? గా పిల్లగాని మీద గూడ పట్టు!"