గడికి కాపలా పెట్టిన దయ్యం

హుస్నాబాద్ అవతల ఆ ఊళ్లో దొరల గడి పేరెత్తితే ఇప్పటికీ జనం గొంతు తగ్గిస్తారు. చీకటి పడితే పై అంతస్తులో జానకీబాయి తిరుగుతుందట... చేతికర్ర చప్పుడు వినిపిస్తుందట... విన్నవాడికి మూడు రోజులు జ్వరమట!

గడిని కట్టించింది ఇప్పటి దొర దామోదర్‌రావు తాత. కట్టించడమంటే ఏముంది – ఆయన కుర్చీలో కూర్చున్నాడు, ఊరంతా వెట్టికి రాళ్లు మోసింది. డంగుసున్నం గోడలు, ఆదిలాబాద్ అడవి టేకుతో చెక్కిన దర్వాజలు, నడుమ పెద్ద వాకిలి, పైకి టేకు మెట్లు. తండ్రి కాలంలో ఎర్రజెండాలు కనపడగానే కుటుంబం రాత్రికి రాత్రి కరీంనగర్ చేరింది. గడి మీద హక్కు మాత్రం వదల్లేదు.

ఖాళీ గడిలో ఎవరు కాపురం పెడతారోనని దామోదర్‌రావుకు ఒకటే బెంగ. కాపలాకు మనిషిని పెడితే జీతమివ్వాలి కదా! అందుకని సొంత మేనత్తను దయ్యాన్ని చేశాడు. జానకీబాయి కరీంనగర్‌లో, మెత్తటి పరుపు మీద, ఎనభై దాటాక పోయింది. గడి పైగదిలో ఉరేసుకుందని ఊళ్లో పుట్టించింది ఈ మహానుభావుడే. సిగ్గులేని జన్మ!

మొన్న చలికాలం హైదరాబాద్ నుంచి ఓ హోటలాయన బేరానికొచ్చాడు. ఆ టేకు పనితనం చూసి మనసు పడ్డాడు. కానీ దయ్యం మాట చెవిన పడింది.

"మీరు ఒక్క రాత్రి అండ్ల పండుకోని చూపెట్టున్రి. పొద్దున వచ్చి కాయితం రాసుకుంట."

దామోదర్‌రావు చేతికి కొండగట్టు గుడి దారం కట్టుకుని, టార్చి పట్టుకుని దిగాడు. గడి పక్కనే మగ్గం నడుపుకునే వెంకటి గుమ్మంలో ఎదురయ్యాడు.

"పైన పండుకోకున్రి దొరా... జానకమ్మ ఊకోదు."

"అరే వెంకటీ, దయ్యం లేదు, గియ్యం లేదు. అది నేను చెప్పిన ముచ్చటరా!"

"మీరు చెప్తెనే నమ్మినం. ఇప్పుడు కాదంటె ఎట్ల దొరా?"

పైగదిలో గడియ పెట్టుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటింది... టక్... టక్...

ఆగింది.

కిర్ర్ర్... మళ్లీ టక్... మెట్ల మీదే! తలుపు అవతల ఎవరో రొప్పుతున్నారు...

లేచి తలుపు తీసి ఒక్కసారి టార్చి వేస్తే సరిపోయేది. వేస్తేగా! దుప్పటి నెత్తిదాకా లాక్కున్నాడు.

"అత్తా... తప్పయింది... నేనే అన్న..." తను కన్న అబద్ధానికి తనే వణుకుతూ తెల్లార్లూ గొణిగాడు.

తెల్లవారింది. కింద కారు హారన్ మోగింది. బతికిపోయాననుకుని గర్వంగా మీసం సవరించుకుని, తలుపు తీసి, కాలు కింద పెట్టబోయి – చటుక్కున గుమ్మం పట్టుకున్నాడు.

మెట్లు లేవు. కింద ఒక్క దర్వాజా లేదు, కిటికీ లేదు. బోసి గోడల నడుమ హోటలాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది.

"మెట్లేవిరా?"

"జానకమ్మ తీస్కపోయింది దొరా," అన్నాడు వెంకటి. ఒక్కడు నవ్వితే ఒట్టు.

హోటలాయన వెనక్కి తిరిగి కారెక్కాడు.

"ఓ వెంకటీ! నిచ్చెన తేరా! దొరను పట్టుకోని గిట్ల చేస్తరా?"

వెంకటి తల్లి శంకరవ్వ కొంగు దులుపుకుంటూ పైకి చూసింది.

"జర ఆగు దొరా. పొద్దుగూకినంక మీ అత్తనే వచ్చి దింపుతది."

ఆ మాటతో అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.