సెలవు చీటీ

ఆడిటర్ లిఫ్టు ఎక్కింది ఉదయం ఎనిమిదీ పదికి. పన్నెండో అంతస్తు నుంచి ఆ లిఫ్టు దిగలేదు, పడింది. కారణం: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అతను పోయిన నాలుగో నిమిషానికి మరణ ధ్రువపత్రం వచ్చింది. ఏడో నిమిషానికి ఆఫీసు ఐడీ రద్దయింది. తొమ్మిదో నిమిషానికి అతని సీటుకి కొత్త మనిషి కావాలని ప్రకటన పడింది. ఇవన్నీ ఎవరూ చెయ్యి పెట్టకుండానే జరిగిపోయాయి. అతని భార్యకి కబురు చెప్పడానికి మాత్రం ఇంకా మనిషే వెళ్ళాలి కాబట్టి అది గంటన్నర ఆలస్యమైంది.

"అది ప్రమాదం కాదు," అన్నాడు చీఫ్.

చెప్పుల షాపు పైన, కిటికీ లేని గది. బల్లకి ఇవతల కూర్చున్నవాణ్ణి డిపార్టుమెంట్లో టోనర్ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ప్రింటర్లు బాగుచేసి, వాటికి టోనర్ పొడి అమ్మే కంపెనీ మనిషిగా తిరుగుతున్నాడు. గూఢచారికి అంతకన్నా మంచి వేషం లేదు. ప్రింటర్ మెకానిక్‌ని ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆపరు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. మూడేళ్ళ కిందట ఒక మిషన్‌లో తోటి ఏజెంట్ అతని ఒళ్ళోనే ప్రాణం వదిలాడు. ఆ రోజునుంచి టోనర్‌కి ఏదీ మనసుకి తగలడం మానేసింది. తింటాడు, పడుకుంటాడు, చెప్పిన పని చేస్తాడు. చీఫ్‌కి అలాంటి ఏజెంట్లంటే ఇష్టం.

"ఆడిటర్ ఏం కనిపెట్టాడు సార్?"

"వాణిజ్య కోర్టు, నాలుగో హాలు. ఊళ్ళో నీళ్ళ పంపులూ వాల్వులూ నడిపే సిస్టమ్ ఎవరి చేతిలో ఉండాలన్న కేసు. ఒకవైపు మన నగర సంస్థ, ఇంకోవైపు బయటి దేశపు కంపెనీ. కంపెనీ ఒట్టి ముసుగు. వెనకున్నది మనం నాలుగేళ్ళుగా వెతుకుతున్న ముఠా. ఇవాళ ఒంటిగంటకి వాళ్ళకి అనుకూలంగా తీర్పు వస్తుందని, ఆ కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్ నిన్న మనకి మెసేజ్ పెట్టాడు."

"వస్తే?"

"వచ్చిన నిమిషంలో వాల్వులన్నీ వాళ్ళ గుప్పిట్లోకి. కిందటేడు వచ్చిన చట్టం తెలుసుగా. తీర్పు మీద జడ్జి డిజిటల్ సంతకం పడితే అమలు దానంతటదే జరిగిపోతుంది. కోర్టు అమీనా వెళ్ళక్కర్లేదు, నోటీసు అంటించక్కర్లేదు. నాలుగు రోజులు నీళ్ళు ఆపారనుకో, వాళ్ళు ఎక్కడ సంతకం పెట్టమంటే ఈ ఊరు అక్కడ పెడుతుంది."

"అప్పీలు?"

"ఆరు వారాలు."

"సర్వర్ ఆపేస్తే?"

"ఆపాలంటే కోర్టు ఆర్డరు కావాలి. ఆ ఆర్డరు ఆ సర్వరే ఇవ్వాలి." చీఫ్ నవ్వలేదు. టోనర్ ఎలాగూ నవ్వడు.

"జడ్జి అమ్ముడుపోయాడా?"

"జడ్జి ఇవాళ కోర్టులోనే లేడు. కంటి ఆపరేషన్. మత్తులో ఉన్నాడు. అయినా ఆయన సంతకం పడిపోయింది, తీర్పు క్యూలో ఉంది. సూపర్ కంప్యూటర్‌తో కోడ్ పగలగొట్టారని మన టెక్నికల్ వాళ్ళు అంటున్నారు. ఎలాగో కనుక్కో. ఆపు. లోపల మన మనిషి ఉంది, కోడ్ పేరు నెమలి. ఆ కంపెనీకే లీగల్ హెడ్. వాళ్ళకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది."

"ఎవరికి ఎక్కువ?"

"ఆ సంగతి ఆవిడకే ఇంకా తేలలేదు."

చీఫ్ ఒక పెన్ను అందించాడు. ముప్పై అడుగుల లోపల ఏ నెట్‌వర్కునైనా కోసేస్తుందట. టోనర్ జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇంకో మాట. నాలుగో హాలు బెంచ్ క్లర్కు మీ అక్క."

"తెలుసు సార్."

"ఇబ్బంది ఏమైనా?"

"లేదు సార్." నిజంగానే అతనికి ఇబ్బందిగా ఏమీ లేదు. మెట్లు దిగుతూ, ఉండాలి కదా అనుకున్నాడు. తర్వాత బస్సు వచ్చింది, ఎక్కాడు.

కోర్టు కాంటీన్‌లో నెమలి కిటికీ పక్కన కూర్చుని ఉంది. ముదురు నీలం కోటు, ఎత్తు మడమల చెప్పులు, వంద మందిలో ఉన్నా ముందు కనపడే మొహం. అందరూ ఆమెనే చూస్తారు. అందుకని ఆమె చేతులు ఏం చేస్తున్నాయో ఎవరూ చూడరు.

టోనర్ టూల్ బాగ్ బల్లమీద పెట్టాడు. "మీ ప్రింటర్‌కి దాహం వేస్తోందటగా."

"దానికి నీళ్ళు పడవు. నల్లదేదైనా పొయ్యండి." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మీవాళ్ళు అనుకుంటున్నట్టు సూపర్ కంప్యూటరూ లేదు, పాడూ లేదు. ముఠా సంతకం కోడ్ మీద రెండేళ్ళు తలబద్దలు కొట్టుకుంది. ఆఖరికి నేను వెళ్ళి అడిగాను, ఇచ్చేశారు."

"ఏం ఇచ్చారు?"

"జడ్జిగారి డాంగిల్. వేలెడంత ఉంటుంది. కంప్యూటర్‌కి గుచ్చి పిన్ కొడితే సంతకం. బెంచ్ క్లర్కు మేడమ్ ఇచ్చారు. చాలా మంచావిడ. పిన్ దాని మీదే రాసిపెట్టి ఉంది."

"డాంగిల్ ఇప్పుడెక్కడుంది?"

"మూడో అంతస్తులో, మా కంపెనీ లాయర్ల గదిలో. గుమ్మం దగ్గర ఇద్దరు, లోపల ఇద్దరు ఉన్నారు. కానీ దాంతో లాభం లేదు. సంతకం అయిపోయింది. ఒంటిగంటకి కోర్టు భోజనానికి లేస్తుంది, అప్పుడే పొద్దుటి తీర్పులన్నీ ఒక్కసారి అమలుకి వెళ్తాయి. వెనక్కి తీసుకోవాలంటే జడ్జే తీసుకోవాలి. ఇదివరకు దేవుడి చేతిలో ఉంది అనేవాళ్ళం. ఇప్పుడు క్యూలో ఉంది అంటున్నాం."

"ఆడిటర్ని చంపుతారని మీకు తెలుసా?"

ఆమె టీ కప్పులోకి చూసింది. "తెలీదు. తెలిసుంటే..."

"తెలిసుంటే?"

"ఏమో."

"మీరెటు వైపు?"

"ఒంటిగంటకి తెలుస్తుంది."

అప్పుడు పన్నెండున్నర దాటింది. వరండాలోకి వచ్చి టోనర్ పెన్ను నొక్కాడు. చిన్న తెరమీద అక్షరాలు వెలిగాయి. అప్‌డేట్ అవుతోంది, ఇరవై ఆరు శాతం. దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకుని అక్క సెక్షన్‌కి నడిచాడు.

అక్క కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ప్రింటర్ మూత తడుతోంది. "ఏరా, దారి తప్పి వచ్చావా? రెండేళ్ళయింది నీ మొహం చూసి. ఏదో ఒకటి చెడిపోతే గానీ నీకు అక్క గుర్తురాదు."

"అక్కా, జడ్జిల డాంగిల్స్ ఎక్కడ పెడతావు?"

ఆ ప్రశ్న తమ్ముడు ఎందుకు అడిగాడో ఆమెకి తోచలేదు. అయినా సొరుగు లాగి బిస్కెట్ల డబ్బా తీసింది. లోపల ఆరు డాంగిల్స్. ఒక్కోదానికి రబ్బరు బాండు, చిన్న చీటీ, దానిమీద హాలు నంబరు, కింద పిన్. గుండ్రటి దస్తూరి. "ఏడుండాలి. నాలుగో హాలు సారుది పొద్దున్న హాస్పిటల్‌కి పంపాను."

"ఎవరు పంపమన్నారు?"

"సారే ఫోన్ చేశారు. అర్జంటు సంతకాలున్నాయి, ఒక అమ్మాయి వస్తుంది, ఇచ్చెయ్యమ్మా అన్నారు. సారు గొంతేరా. ఆ దగ్గుతో సహా."

"దగ్గు కూడా తయారుచేస్తున్నారక్కా ఇప్పుడు."

ఆమె కుర్చీలో కూర్చుంది. అతను నాలుగు ముక్కల్లో విషయం చెప్పాడు. టోనర్ కంపెనీ వాడికి ఇదంతా ఎలా తెలుసని ఆమె అడగలేదు.

"సార్లకి పిన్ గుర్తుండదు," అంది డబ్బా మూస్తూ. "సంతకానికి లేపితే చిరాకు. అందరూ తెచ్చి నా దగ్గరే పడేశారు. రోజూ ముప్పై ఆర్డర్లు, నేనే గుచ్చుతాను, నేనే కొడతాను. ఇదివరకు రబ్బరు స్టాంపు ఈ సొరుగులోనే ఉండేది. ఇప్పుడు ఇది ఉంది. తేడా ఏముందిలే అనుకున్నాను."

గోడ గడియారంలో పన్నెండూ నలభై ఏడు.

"సారు సెలవు చీటీ ఇచ్చారా?"

"ఇచ్చారు."

"సిస్టంలో ఎక్కించావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అదీ ఆ ఆఫీసు పద్ధతే. చీటీ సంతకంతో సహా క్లర్కు సొరుగులో ఉంటుంది. ఎవరైనా తనిఖీకి వస్తే ఎక్కిస్తారు. ఎవరూ రాకపోతే మర్నాడు చించేస్తారు, సెలవు మిగిలిపోతుంది. అంచేత సిస్టమ్ లెక్కలో జడ్జిగారు ఈ క్షణాన రెండు కళ్ళతో నాలుగో హాల్లో కూర్చుని ఉన్నారు.

"ఇప్పుడు ఎక్కిస్తే?"

"సెలవులో ఉన్న జడ్జి సంతకం చెల్లదు. ఆ రోజు సంతకం చేసినవన్నీ క్యూలోంచి తన్నేస్తుంది." ఆ మాట అన్నాక ఆమె చీటీ బయటికి తీసింది.

"ఒక్క నిమిషం," అని టోనర్ వరండాలోకి వెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేశాడు. జడ్జి లేడని సిస్టమ్‌కి తెలిసిన మరుక్షణం, ఆయన డాంగిల్ ఎవరి దగ్గరుండాలని వెతుకుతుంది. సెలవు ఎక్కించిన చేతులూ డాంగిల్ ఇచ్చిన చేతులూ ఒకటేనని తేలుతుంది. డాంగిల్ పరాయివాళ్ళకి ఇస్తే ఉద్యోగం పోతుంది, మూడేళ్ళ జైలు.

"సార్, మా అక్క పేరు రాకుండా చూడగలరా?"

పద్దెనిమిదేళ్ళలో అతను అడిగిన మొదటి సాయం అది. చీఫ్ ఉన్నమాట చెప్పాడు. "ఇదివరకైతే ఒక ఫోన్ కొట్టి, చూసీచూడనట్టు పొమ్మనేవాణ్ణి. ఇప్పుడు చూసేది మెషీన్. దానికి చూడటం ఒక్కటే వచ్చు."

పన్నెండూ యాభై మూడు. టోనర్ లోపలికి వచ్చాడు. మూడేళ్ళ జైలు సంగతి అక్కకి చెప్పాలనుకున్నాడు. చెప్తే ఆగుతుందేమో, ఆగితే ఊరు ఎండిపోతుందేమో. తన లోపల వెతుక్కున్నాడు, భయం గానీ జాలి గానీ దొరకలేదు.

"ఎక్కించక్కా."

ఆమె రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. పేరు, హాలు, సెలవు రకం. చీటీ స్కాన్ చేసింది. ఫైలు సైజు ఎక్కువైందని సిస్టమ్ తిరగ్గొట్టింది. అతను తగ్గించి ఇచ్చాడు. మీరు రోబో కాదని నిరూపించండి, వంతెనలున్న బొమ్మలన్నీ గుర్తించండి అంది. ఒక బొమ్మలో ఉన్నది వంతెనో గోడో ఇద్దరికీ తెలియలేదు. మొదటిసారి తప్పయింది. రెండోసారి ఒప్పుకుంది. ఫోన్‌కి ఓటీపీ వచ్చేసరికి పన్నెండూ యాభై తొమ్మిది.

ఆఖరి బటన్ మీద ఆమె వేలు ఆగింది.

"నువ్వు అమ్మేది టోనర్ కాదు కదరా?"

"కాదక్కా."

"సరే," అని నొక్కింది. గడువుకి ఇంకా ఎనిమిది సెకన్లున్నాయి.

తెరమీద తీర్పులు ఒక్కొక్కటే పచ్చగా మారుతూ వెళ్ళాయి. నాలుగో హాలు వరస ఎర్రబడింది. తిరస్కరించబడినది, న్యాయమూర్తి సెలవులో ఉన్నారు. వరండాలో ఎవరో భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. పంపులో నీళ్ళు వస్తున్నాయి.

ఒంటిగంటా ఒక నిమిషానికి నెమలి మూడో అంతస్తు గది తలుపు డిపార్టుమెంట్ వాళ్ళకి లోపల్నుంచి తీసింది. ముఠా మనుషులు నలుగురూ దొరికారు. అదే తలుపు రెండు నిమిషాల ముందు తీసి ఉంటే దేశభక్తి అయ్యేది. ఇప్పుడేమవుతుందో చీఫ్ తేలుస్తాడు.

అక్క సొరుగు ఖాళీ చేస్తోంది. కళ్ళజోడు డబ్బా, అరిగిన దువ్వెన, ఆఫీసులో వేసుకునే చెప్పులు. ఒక్కొక్కటీ సంచీలో వేసుకుంటోంది.

"నొక్కితే నీ పేరు పడుతుందని నేను నీకు చెప్పలేదు," అన్నాడు టోనర్. "తెలిసే చెప్పలేదు."

"ఇరవై ఎనిమిదేళ్ళు ఈ సీట్లో ఉన్నాను. ఎవరి పేరు పడుతుందో నాకు తెలీదా?"

"మరి ఎందుకు నొక్కావు?"

"నీళ్ళు లేకపోతే ఊరు ఎలా బతుకుతుందిరా." చెప్పులు సంచీలో సర్ది, మళ్ళీ అంది. "పైగా నువ్వు అడిగావు. రెండేళ్ళ తర్వాత వచ్చి ఒక్కటే అడిగావు."

మూడేళ్ళ తర్వాత అతనికి ఏడుపు వచ్చింది, అయితే కళ్ళదాకా రాలేదు. ఆమె చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. అంతకు మించి ఏం చేయాలో అతనికి తెలియలేదు.

ఆమె ఫోన్ మోగింది. సస్పెన్షన్ ఉత్తర్వు, విచారణ తేదీ, కేసు నంబరు, అన్నీ ఒకే మెసేజ్‌లో. ఆమె కళ్ళజోడు దించుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. కింద ఇంకో కిటికీ తెరుచుకుంది. మా సేవ మీకు ఎలా అనిపించింది? దయచేసి నక్షత్రాలు ఇవ్వండి.

అక్క అయిదూ నొక్కింది.

"ఎందుకక్కా?"

"నొక్కితే గానీ ఇది పోదురా."